చీజ్ ప్యాకెట్ మీద 234... పచ్చళ్ళకీ పాలకీ పనికొస్తుందా?

పోయిన నెల ఈ శీర్షికలో ప్యాకెట్ల వెనకాల ఉండే ఐఎన్ఎస్ నంబర్ల (ఆహారంలో కలిపే పదార్థాలకి ఇచ్చిన అంతర్జాతీయ నంబర్ల) గురించి రాశాం కదా, దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒక్క 234 గురించే. అది నైసిన్. ఒక రకం బ్యాక్టీరియా తన చుట్టూ ఉన్న వేరే బ్యాక్టీరియాని చంపడానికి తయారుచేసుకునే చిన్న ప్రోటీన్ ముక్క, అంటే పెప్టైడ్. ఇలాంటివి బోలెడు రకాలున్నాయి, అన్నిటినీ కలిపి బ్యాక్టీరియోసిన్లు అంటారు. ఉత్తరాలన్నీ అటే తిరిగాయి కాబట్టి ఈ నెల మొత్తం దానికే ఇచ్చేశాను.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్ళు. రోజూ స్కూలుకి చీజ్ స్లైస్ పెట్టిన బ్రెడ్డే కావాలంటుంది. ప్యాకెట్ మీద ప్రిజర్వేటివ్ 234 అని చూసి నెట్‌లో వెతికితే బ్యాక్టీరియా నుంచి తీసే యాంటీబయాటిక్ అని ఉంది, భయమేసి ప్యాకెట్ పారేశాను. ఇక మానిపించేయాలా?
– గృహిణి, విజయవాడ

జవాబు: నైసిన్ కోసమైతే పారేయక్కర్లేదండీ. దాన్ని తయారుచేసేది లాక్టోకాకస్ లాక్టిస్ అనే పాల బ్యాక్టీరియా, పచ్చిపాలల్లో సహజంగానే ఉంటుంది, చీజ్ చేసేవాళ్ళు తోడు కింద వాడేదీ అదే. నైసిన్ అంటే 34 అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. పొట్టలోంచి చిన్నపేగులోకి వెళ్ళాక మనం తిన్న పప్పులో ప్రోటీన్ ఎలా ముక్కలైపోతుందో ఇదీ అలాగే అరిగిపోతుంది.

యాంటీబయాటిక్ అన్న మాటకే కదా మీరు భయపడింది. సూక్ష్మజీవిని చంపే దేన్నైనా ఆ పేరుతో పిలవచ్చు కాబట్టి అలా రాస్తారు గానీ మనకి జ్వరానికో ఇన్ఫెక్షన్‌కో డాక్టరు రాసే మందుల్లో నైసిన్ లేదు. మందుగా వాడదామని 1940ల చివర్లో ఇంగ్లండ్‌లో ఆవుల పొదుగువాపుకి వాడి చూశారు, కానీ ఇది పులుపు ఉన్న చోట బాగా కరుగుతుంది, శరీరంలో లాగా పులుపు లేని చోట సరిగ్గా కరగదు, నిలవదు, దాంతో ఆ దారి మూసుకుపోయి ఆహారం వైపు వచ్చింది. 1953లో ఇంగ్లండ్‌లో పొడిగా అమ్మకానికొచ్చింది, 1969లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి వేసిన నిపుణుల కమిటీ సరే అంది, 1988లో అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ చీజ్ స్ప్రెడ్స్‌లో వాడుకోమంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ప్రాసెస్డ్ చీజ్‌లో నైసిన్‌కి యూరప్‌లో పెట్టిన పరిమితి కిలోకి 12.5 మిల్లీగ్రాములు. 20 గ్రాముల స్లైస్ అనుకుంటే అందులో ఎక్కువలో ఎక్కువ పావు మిల్లీగ్రాము. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో చెప్పిన ప్రకారం జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదన్న మోతాదు మన బరువులో ప్రతి కిలోకీ ఒక మిల్లీగ్రాము. మీ పాప 20 కిలోలుంటే రోజుకి 20 మిల్లీగ్రాములు, అంటే 80 స్లైసులు. కాబట్టి నైసిన్ గురించి బెంగ వద్దు. ఆ స్లైసులో ఉప్పు, కొవ్వు ఎంతుందో మాత్రం చూడండి, రోజూ పెట్టే విషయంలో నేనైతే వాటి గురించే ఆలోచిస్తాను.

అసలు ఎందుకు వేస్తారంటే, ప్రాసెస్డ్ చీజ్‌ని కరిగించేటప్పుడు బాగా వేడి చేస్తారు, ఆ వేడికి మామూలు బ్యాక్టీరియా చస్తుంది గానీ క్లాస్ట్రీడియం లాంటి కొన్ని బ్యాక్టీరియాల స్పోర్లు చావవు. స్పోర్ అంటే ఎండిన గింజ లాంటిది, గింజగా ఉన్నంతసేపు దాన్ని ఏం చేయలేం, మొలకెత్తగానే సున్నితంగా అయిపోతుంది. చీజ్‌లో తేమ ఉంది, పులుపు అంతగా లేదు, లోపల గాలి లేదు, ఈ స్పోర్లకి ఇంతకంటే ఏం కావాలి, మొలకెత్తి గ్యాస్ వదిలితే డబ్బా ఉబ్బుతుంది, కోసి చూస్తే లోపలంతా పగుళ్ళు, చెడ్డ వాసన. అందులో కొన్ని రకాలైతే బొట్యులిజం తెచ్చేవి, అంటే ఆహారంలో విషం వల్ల నరాలు చచ్చుబడే జబ్బు, ప్రాణం మీదికొస్తుంది. స్పోర్ మొలకెత్తిన ఆ క్షణంలో నైసిన్ దాన్ని పట్టుకుంటుంది. ఇది లేకపోతే చీజ్‌ని ఇంకా ఎక్కువ వేడి చేయాలి, లేదా ఇంకా ఎక్కువ ఉప్పు వేయాలి.

ఒక్క జాగ్రత్త. మార్కెట్లో దొరికే నైసిన్ పొడిలో అసలు నైసిన్ రెండున్నర శాతమే ఉండేది మామూలు, మిగతాది ఎక్కువగా ఉప్పు, కొంత పాల పదార్థం. పాల ఎలర్జీ ఉన్నవాళ్ళు చీజ్ ఎలాగూ తినరు గానీ వేరే ఆహారంలో 234 కనిపిస్తే లేబుల్ మొత్తం చదువుకోవాలి.

ప్రశ్న: నేను బీఎస్సీ మైక్రోబయాలజీ సెకండ్ ఇయర్ సార్. నైసిన్ సెల్‌కి రంధ్రాలు చేస్తుందని మాత్రమే పుస్తకంలో ఉంది. మరి తయారుచేసే బ్యాక్టీరియా ఎందుకు చావదు? కాలేజీ ల్యాబులో పెరుగు నుంచి బ్యాక్టీరియోసిన్ ఉందో లేదో చూడొచ్చా?
– విద్యార్థి, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న, పుస్తకంలో ఆ ఒక్క లైనుతో వదిలేయడం నాకూ నచ్చదు. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోడానికి కావలసిన సరుకుని లోపలి నుంచి బయటికి మోసుకొచ్చే అణువు ఒకటి పొరలో ఉంటుంది, దాని పేరు లిపిడ్ 2. నైసిన్ ముందు దాని పైరోఫాస్ఫేట్ భాగాన్ని గట్టిగా పట్టుకుంటుంది. దాంతో గోడ పని ఆగిపోతుంది, అది ఒక దెబ్బ. తర్వాత ఎనిమిది నైసిన్‌లు, నాలుగు లిపిడ్ 2లు కలిసి పొరలో రంధ్రం చేస్తాయి, లోపలి పొటాషియం, సెల్‌కి శక్తినిచ్చే ఏటీపీ కారిపోతాయి, అది రెండో దెబ్బ, నిమిషాల్లో పని అయిపోతుంది. డాక్టర్లు వాడే వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా లిపిడ్ 2నే పట్టుకుంటుంది కానీ వేరే చోట, పెప్టైడ్ చివర్లో, అందుకే వాంకోమైసిన్‌కి లొంగని కొన్ని బ్యాక్టీరియా కూడా నైసిన్‌కి లొంగుతాయి. అలాగని నైసిన్‌కి రెసిస్టెన్స్ రాదనుకోవద్దు, గోడని మార్చుకునేవి, నైసిన్‌ని కోసేసే ఎంజైమ్ ఉన్నవి ల్యాబుల్లో దొరికాయి, అందుకే మోతాదు తగ్గించి తూతూమంత్రంగా వాడటం మంచిది కాదంటాను.

తను ఎందుకు చావదంటే, మొదటి సంగతి, లోపల తయారయ్యేటప్పుడు నైసిన్‌కి ముందు 23 అమైనో ఆమ్లాల తోక అంటుకుని ఉంటుంది, అది ఉన్నంతసేపు పనిచేయదు, బయటికి వెళ్ళాక నిస్‌పీ అనే ఎంజైమ్ ఆ తోక కోస్తేనే పదునొస్తుంది. రెండోది, పొర మీద నిస్‌ఐ అనే ప్రోటీన్ కాపలా, దగ్గరికొచ్చిన నైసిన్‌ని పట్టేస్తుంది, నిస్‌ఎఫ్, ఈ, జీ మూడూ కలిసిన పంపు పొరలో దూరినదాన్ని బయటికి తోసేస్తుంది. ఇంకా బాగుండే విషయం, బయట ఉన్న నైసిన్‌ని ఇదే బ్యాక్టీరియా పసిగట్టి ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది, అంటే తన వాళ్ళు చుట్టూ ఎక్కువమంది ఉన్నప్పుడే ఉత్పత్తి జోరందుకుంటుంది.

దీన్ని గమనించిన కథ కూడా చెప్పాలి. 1928లో అమెరికాలో రోజర్స్, విట్టియర్ అనే ఇద్దరు ఒక పాల బ్యాక్టీరియా ఇంకో పాల బ్యాక్టీరియాని పెరగనీయట్లేదని రాశారు. 1933లో న్యూజిలాండ్‌లో చీజ్ తోడు సరిగ్గా పనిచేయకపోతుంటే వైట్‌హెడ్ కారణం వెతికి, పాలల్లోనే ఏదో అడ్డుకునే పదార్థం తయారవుతోందని చూపించాడు. 1947లో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ దానికి నైసిన్ అని పేరు పెట్టారు. తోడు పాడుచేస్తోందని విసుక్కున్న పదార్థమే కొన్నేళ్ళకి చీజ్‌ని కాపాడేది అయింది.

ల్యాబులో చూడొచ్చు, తేలికే. పుల్లటి పెరుగు నుంచి వేరుచేసిన లాక్టిక్ బ్యాక్టీరియాని బ్రాత్‌లో పెంచి, సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేటని తీసుకో. నైసిన్‌కి తేలిగ్గా లొంగే మైక్రోకాకస్ ల్యూటియస్ అనే బ్యాక్టీరియా కలిపిన అగర్ ప్లేట్‌లో చిన్న గుంటలు చేసి ఒక్కో చుక్క పోసి రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచితే, తెల్లారేసరికి ప్లేటంతా పసుపు పూత పూసినట్టు పెరిగి గుంట చుట్టూ మాత్రం గాజులా తేటగా వలయం కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే సంబరపడిపోయి ప్రాజెక్టు రాసేస్తారు, తొందరపడకు. ఆ వలయం పులుపు వల్ల కూడా రావచ్చు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల కూడా రావచ్చు. అందుకని తేటని సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 దాకా తెచ్చి ఒక గుంటలో, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే క్యాటలేజ్ కలిపి ఇంకో గుంటలో, ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్ కలిపి మరో గుంటలో పెట్టు. మొదటి రెండింటిలో వలయం ఉండి మూడోదాంట్లో మాయమైతే అప్పుడు ధైర్యంగా పెప్టైడ్ అని రాసుకో. చాలా పెరుగు బ్యాక్టీరియాలో ఏమీ రాదు, నిరుత్సాహపడొద్దు, రాలేదన్నది కూడా ఫలితమే, అదీ రాయి.

ప్రశ్న: ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి అమ్ముతాను, అమెరికా, ఆస్ట్రేలియాకి కూడా కొరియర్లో పంపుతాం. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ లేకుండా కావాలని అడుగుతున్నారు. ఒక సప్లయర్ నైసిన్ పొడి తెచ్చి, ఇది న్యాచురల్, ఇది వేస్తే బూజు రాదు, ప్రిజర్వేటివ్స్ లేవు అని లేబుల్ వేసుకోవచ్చు అన్నాడు. కొనమంటారా?
– చిన్న వ్యాపారి, రాజమండ్రి

జవాబు: కొనకండమ్మా. మీరు అడిగారు కాబట్టి సరిపోయింది, అడక్కుండా కొన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో అని నాకు బాధగా ఉంది.

బూజు అనేది ఫంగస్. పచ్చడి పైన తెల్లగా పొరలా కట్టేది చాలాసార్లు ఈస్ట్. నైసిన్ ఈ రెంటినీ ఏమీ చేయదు, అసలు ముట్టుకోదు. అందుకే కదా బీరు తయారీలో, ఈస్ట్‌కి దెబ్బ తగలకుండా బీరుని పుల్లగా పాడుచేసే బ్యాక్టీరియాని మాత్రమే ఆపడానికి పనికొచ్చింది. పచ్చడిలో మీ శత్రువు ఎవరో చూడకుండా ఆ పొడి వేస్తే డబ్బు దండగ. 235 నంబరు ఉన్న నాటామైసిన్‌తో కలిపి చెప్పి ఉంటాడేమో అతను, అది ఫంగస్ మీద పనిచేస్తుంది, గట్టి చీజ్ పైపూతకి వాడతారు, కానీ అది పెప్టైడే కాదు, పచ్చట్లో వేసే వస్తువూ కాదు.

ఇంక లేబుల్ సంగతి. మన ఆహార నిబంధనల్లో ప్రిజర్వేటివ్‌లని రెండు తరగతులు చేశారు. మొదటి తరగతిలో ఉన్నవేంటో తెలుసా, ఉప్పు, పంచదార, మసాలా దినుసులు, వెనిగర్, తేనె, వంటనూనె. అంటే మన అమ్మమ్మలు ఆవకాయలో వేసినవన్నీ. బెంజోయేట్, సోర్బేట్, నైసిన్ ఇవన్నీ రెండో తరగతి. బ్యాక్టీరియా నుంచి వచ్చింది కాబట్టి నైసిన్ వేసి కూడా ప్రిజర్వేటివ్ లేదని రాయడం కుదరదు, అది కొనేవాళ్ళని మోసం చేయడమే అవుతుంది, ఆ మాట చెప్పి అమ్మిన సప్లయర్ మీకు శ్రేయోభిలాషి కాదు.

మావిడికాయ ఆవకాయ, నిమ్మకాయ, గోంగూర లాంటి పుల్లటి పచ్చళ్ళకి బెంజోయేట్ లేకుండా నిలవ ఉంచడం మీకు నేను చెప్పాలా, మీ చేతిలో ఉన్న విద్యే అది. ముక్క తుడిచి ఆరబెట్టడం, ఉప్పు తగ్గించకపోవడం, నూనె పైకి తేలేదాకా పోయడం, తడి తగలనీయకపోవడం. ఆరోగ్యం పేరుతో ఉప్పూ నూనే తగ్గించమని కస్టమర్లు అడుగుతారు, తగ్గించారో అప్పుడే బూజు మొదలవుతుంది. అంత తగ్గించాలంటే పరిమితిలో బెంజోయేట్ వేసి లేబుల్ మీద రాయడమే నిజాయితీ, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నెలలోపు వాడండి అని రాసి అమ్మడం.

ఇంకో విషయం, ఇది నైసిన్ కంటే ముఖ్యం. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి, వెల్లుల్లిని నూనెలో ఊరబెట్టినవి మీరు అమ్ముతుంటే వాటిల్లో పులుపు ఎంతుందో తప్పకుండా ల్యాబులో చూపించుకోండి. పీహెచ్ 4.6 కంటే పైన ఉండి, గాలి తగలకుండా నూనె కింద ఉంటే బొట్యులిజం బ్యాక్టీరియా పెరిగే వీలుంటుంది, దానికి వాసన, రంగు తేడా తెలియకపోవచ్చు. నైసిన్ ఈ బ్యాక్టీరియాకి వ్యతిరేకంగా పనిచేస్తుంది నిజమే, కానీ కొవ్వు ఎక్కువున్న చోట నైసిన్ దానికే అంటుకుపోయి బలం తగ్గుతుంది, మాంసంలో అయితే మరీను, దాన్ని నమ్ముకుని కొరియర్లో నెల రోజులు తిరిగే సీసాని పంపొద్దు. నిమ్మరసమో వెనిగరో సరిపడా వేసి పీహెచ్ దింపడం, నీటి శాతం తగ్గేదాకా వేయించడం, ఇవీ మిమ్మల్ని కాపాడేవి.

ప్రశ్న: మేం ఊరి పాల సేకరణ కేంద్రం నడుపుతాం. ఎండాకాలం ట్యాంకరు లేటైతే పాలు విరిగిపోతున్నాయి. నైసిన్ కొంచెం కలిపితే ఆగుతాయా?
– చిత్తూరు జిల్లా

జవాబు: కలపకూడదండీ, పాలల్లో ప్రిజర్వేటివ్ ఏదీ కలపడానికి మన చట్టం ఒప్పుకోదు, దొరికితే కల్తీ కిందే లెక్క. చట్టం పక్కన పెట్టినా పని జరగదు, ఆ పాలు కొన్నవాళ్ళింట్లో తోడు వేస్తే పెరుగు తోడుకోదు, ఎందుకంటే తోడులో ఉండేవి సరిగ్గా నైసిన్‌కి లొంగే రకం బ్యాక్టీరియా. పైగా చల్లగా ఉంచిన పాలని పాడుచేసే సూడోమోనాస్ లాంటివి గ్రామ్ నెగటివ్ రకం, వాటికి బయట ఇంకో పొర ఉంటుంది, నైసిన్ లోపలికి వెళ్ళలేదు. పితికిన గంటలోపు చల్లార్చడం, క్యాన్లు మరిగే నీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టడం, బల్క్ కూలర్ కోసం డెయిరీ వాళ్ళని గట్టిగా అడగడం, ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ప్రశ్న: రాత్రి అన్నంలో పెరుగు కలిపి ఆఫీసుకి బాక్స్ తీసుకెళ్తాను, మధ్యాహ్నం దాకా బయటే ఉంటుంది. పెరుగులో సహజంగా బ్యాక్టీరియోసిన్లు ఉంటాయి కాబట్టి పాడవదు అని మా కొలీగ్ అంటాడు. నిజమేనా? అలాగే ఇడ్లీ పిండి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: సగం నిజం, ఆ సగాన్ని నమ్ముకుని బాక్స్ బయట పెట్టకండి. పెరుగులో ఉండే బ్యాక్టీరియాలో అన్నీ బ్యాక్టీరియోసిన్ చేయవు, చేసినా మనం కొలిచి వేసినంత ఉండదు. పెరుగుని, ఇడ్లీ పిండిని కాపాడేది ముఖ్యంగా లాక్టిక్ ఆమ్లం, అంటే పులుపు. పిండిని పొంగించే ల్యూకోనాస్టాక్ జాతిలో కొన్ని బ్యాక్టీరియోసిన్లు చేస్తాయి గానీ అక్కడ కూడా పెద్ద పని పులుపుదే.

అన్నంతో అసలు ఇబ్బంది బ్యాసిల్లస్ సెరియస్. బియ్యంలోనే దీని స్పోర్లుంటాయి, మామూలుగా ఉడికించినంత మాత్రాన అన్నీ చావవు, అన్నం గోరువెచ్చగా గంటలు గంటలు ఉంటే మొలకెత్తి విషం వదుల్తాయి, వాంతులు తెచ్చే ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. నైసిన్ మొలకెత్తే స్పోర్‌ని ఆపగలదు, ఒకసారి తయారైన విషాన్ని మాత్రం ఏమీ చేయలేదు. అందుకే రాత్రి అన్నం వండాక రెండు గంటల్లోపే పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్న పెరుగు కలిపి, ఆఫీసులో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టుకోండి. చద్దన్నం తినేవాళ్ళు బాగా పులిసిన మజ్జిగ ముందే పోసి ఉంచితే మేలు, పులుపు ఎక్కేకొద్దీ ఈ బ్యాక్టీరియా పెరగడం తగ్గుతుంది.

ప్రశ్న: ఇక్కడి బ్రెడ్, సలాడ్ డ్రెస్సింగ్ ప్యాకెట్ల మీద కల్చర్డ్ డెక్స్ట్రోజ్, కల్చర్డ్ మిల్క్ అని ఉంటోంది, ప్రిజర్వేటివ్ అన్న మాటే లేదు. ఇదీ ఆ కుటుంబమేనా? ఇంకా ఇలాంటివి ఏమున్నాయి?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలావరకు అదే కుటుంబం. పంచదారనో వెన్న తీసిన పాలనో ఏదో ఒక బ్యాక్టీరియాతో పులియబెట్టి, వేడి చేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. ప్రొపియోనిబ్యాక్టీరియం వాడితే ప్రొపియోనిక్ ఆమ్లం, కొంచెం పెప్టైడ్లు వస్తాయి, ఆ మొత్తాన్ని అలాగే ఆహారంలో కలుపుతారు, విడదీసి శుద్ధి చేయరు కాబట్టి లేబుల్ మీద ఆహారం పేరు లాగే రాస్తారు. వస్తువులో హాని లేదు. కానీ నిలవ కోసమే వేసినప్పుడు నిలవ కోసం వేశామని చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం.

నైసిన్ తర్వాత చెప్పుకోవాల్సింది పీడియోసిన్, పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా చేస్తుంది, లిస్టీరియా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా మీద దీని దెబ్బ గట్టిది. లిస్టీరియా ఎందుకంత పెద్ద విషయమంటే అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా మెల్లగా పెరుగుతుంది, గర్భిణులకి, ముసలివాళ్ళకి ప్రమాదం, 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలనీ అనే సాసేజ్ ద్వారా వెయ్యికి పైగా కేసులు వచ్చి 200 మందికి పైగా చనిపోయారు. ఉడికించి ముక్కలు కోసి ప్యాక్ చేసిన మాంసంలో ఇలాంటి పెప్టైడ్ చేసే బ్యాక్టీరియానే నేరుగా చల్లి లిస్టీరియాని అణచడం మీద చాలాచోట్ల పని నడుస్తోంది, నాకు అన్నిటికంటే ఆశ ఉన్నది దీని మీదే. జపాన్లో ఇంకోటుంది, పాలీలైసిన్, 1977లో అక్కడే కనిపెట్టారు, స్ట్రెప్టోమైసిస్ ఆల్బులస్ అనే బ్యాక్టీరియా చేస్తుంది, లైసిన్ అనే ఒకే అమైనో ఆమ్లం పాతిక ముప్పై సార్లు గొలుసు కట్టినట్టుంటుంది, నైసిన్‌కి లొంగని గ్రామ్ నెగటివ్‌ల మీద కూడా పనిచేస్తుంది, అక్కడ అన్నం, నూడుల్స్ పెట్టెల్లో చాలాకాలంగా వాడుతున్నారు.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం ఏ లేబుల్ మీద ఏం రాసున్నా కోల్డ్ కట్స్ (ముందే ఉడికించి ముక్కలు కోసి అమ్మే మాంసం) ఆవిరొచ్చేదాకా వేడి చేసే పెట్టండి, పాశ్చరైజ్ చేయని పాలతో చేసిన మెత్తటి చీజ్ అసలు పెట్టొద్దు.